చాకలి ఐలమ్మ బతుకు - మన భూమి హక్కు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి, రికవరీ లెక్కలు పొద్దుటి నుంచి విన్నం. మేము వేరే సంగతి మాట్లాడదామని వచ్చినం. ఈ నెల 10న మా ఊర్ల చాకలి ఐలమ్మ వర్ధంతి జరుపుకున్నం. ఫోటోకు దండ వేసినంక కొత్తగా సంఘంలో చేరిన ఒక చెల్లె, "ఇంతకూ ఆమె దేనికోసం కొట్లాడిందక్కా?" అని అడిగింది. ఆ చెల్లెకు చెప్పిన మాటలే ఇక్కడ అందరి ముందట పెడుతున్నం.

ఐలమ్మ పుట్టింది వరంగల్ జిల్లా రాయపర్తి మండలం క్రిష్ణాపురంల. చిన్నతనంలోనే పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహకు ఇచ్చి పెండ్లి చేసిన్రు. కులవృత్తి బట్టలు ఉతుకుడు. పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. అప్పుడు నైజాం రాజ్యం, నల్లగొండ జిల్లా జనగామ తాలూకా. ఆ చుట్టుపక్కల ఊర్లకు విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి దొర. ఆయన కింద 40,000 ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య గారు రాసిన్రు.

ఆ కాలంలో వెట్టి అంటే ఏమిటో మన ముసలమ్మలను అడిగితే తెలుస్తది. చాకలోళ్లు గడీ బట్టలు ఉత్తగనే ఉతకాలె. కుమ్మరోళ్లు కుండలు ఇయ్యాలె, మంగలోళ్లు సేవ చెయ్యాలె, మాదిగోళ్లు చెప్పులు కుట్టాలె, వార్తలు మోయాలె. నాట్లు, కోతలు ముందు దొర పొలంలో అయినంకనే సొంత చేనుకు పోవాలె. పసిపిల్లకు పాలిచ్చి వస్తమన్నా దొర మనుషులను అడగాల్సి వచ్చేదని మా ఊరి పెద్దలు చెప్తరు. కూలి లేదు, సెలవు లేదు, ఎదురు మాట అసలే లేదు.

అట్లాంటి కాలంలో ఐలమ్మ మల్లంపల్లి భూస్వామి దగ్గర భూమి కౌలుకు తీసుకుంది. అందులో నాలుగెకరాలు సాగు చేసింది. ఒక చాకలి ఆడమనిషి సొంతంగా ఎవుసం చేసుడు, వడ్లు పండించుడు దొరకు నచ్చలేదు. ఇంకోపక్క ఆమె ఆంధ్ర మహాసభలో చేరింది. జనం దాన్ని ఉత్తగ 'సంగం' అనే పిలిచేవాళ్లు. మనం ఇప్పుడు "సంగం మీటింగుకు పోతున్న" అంటున్నమే, ఆ మాటే. సంగపోళ్లకు ఆమె తన ఇంట్ల చోటిచ్చింది, అన్నం పెట్టింది.

సంగాన్ని దెబ్బ కొట్టాలంటే ముందు ఐలమ్మను దెబ్బ కొట్టాలని దొర అనుకున్నడు. కేసులు పెట్టించిండు. అవి పారలేదు. ఆఖరికి ఆ భూమి నాదేనని, చేతికొచ్చిన పంట కోసుకురమ్మని వందమంది గూండాలను, ఇంకో వందమంది పనోళ్లను పంపిండు. ఇటుపక్క సంగం మనుషులు 28 మంది. చేతుల్లో కర్రలు. గూండాలు నిలబడలేక ఉరికిన్రు. సంగపోళ్లే కోత కోసి, వడ్లు ఐలమ్మ ఇంటికి చేర్చిన్రు. ఆ వడ్లను గాని, ఆ భూమిని గాని దొర మళ్లీ ముట్టుకోలేకపోయిండు.

దానికి ఆ కుటుంబం చాలా బాధలు పడ్డది. జైళ్లు, దెబ్బలు అన్నీ చూసిన్రు. అయినా ఆమె చేను ఇడువలేదు. తర్వాత 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయిండు. అక్కడి నుంచి పోరాటం ఊరూరికీ పాకి 1951 అక్టోబర్ దాకా నడిచింది.

అక్కలారా, ఇక్కడ ఒక మాట గమనించాలె. ఐలమ్మ ధైర్యం పెద్దదే. కాని పంట ఇంటికి వచ్చింది ఆమె ఒక్కతే ఎదురు తిరిగినందుకు కాదు. కోత నాడు ఆమె వెనుక 28 మంది ఉన్నరు. వాళ్లు రాకపోతే ఆ వడ్లు గడీకే పోయేవి. బొమ్మలో ఆమె ఒక్కతే కర్ర పట్టుకొని కనిపిస్తది గాని, ఆ చేన్ల సంగం ఉన్నది.

ఐలమ్మ 1985 సెప్టెంబర్ 10న చనిపోయింది. అంతకుముందే స్త్రీశక్తి సంఘటన మహిళలు ఆమెను కలిసి, ఆమె నోటితోనే ఆమె కథ చెప్పించుకున్నరు. అది 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకంలో ఉంది. పుస్తకం వచ్చింది 1986లో.

ఆమె చనిపోయిన తేదీని ఇంకో తేదీ పక్కన పెట్టి చూడాలె. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లకు పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే చట్టం 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలులోకి వచ్చింది. అంటే ఆడబిడ్డ వాటా చట్టం లెక్కకు తీసుకున్న తేదీకి అయిదు రోజుల తర్వాతనే, భూమి కోసం బతుకంతా కొట్లాడిన మనిషి పోయింది. అది కూడా ఆ తేదీకి ముందు పెండ్లి అయినోళ్లకు వర్తించలేదు. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటా హిందూ వారసత్వ చట్టం మారి, పెండ్లి అయినా కాకున్నా బిడ్డకు సమాన హక్కు వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి లేకున్నా బిడ్డకు హక్కు ఉంటదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబర్ 20కి ముందే పద్ధతి ప్రకారం పంపకాలు అయిపోతే మాత్రం అవి తిరగదోడరు. ముస్లిం, క్రైస్తవ అక్కలకు వేరే చట్టాలు ఉన్నయి, వాటిలో కూడా వాటా ఉంది.

చట్టం ఉన్నది. మరి మన ఇండ్లల్ల ఏమున్నది?

మా గ్రామ సంఘంలో ఒక అక్క పోయినేడు గుండెనొప్పితో చనిపోయింది. నారు పోసుడు నుంచి పత్తి ఏరుడు దాకా ఆ మూడెకరాల్లో పని అంతా ఆమెదే. పాసుబుక్కు మాత్రం పెనిమిటి పేరు మీద. రైతు బీమా పాసుబుక్కు ఉన్న రైతుకే. 18 నుంచి 59 ఏండ్ల మధ్యలో పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వస్తయి. ఆ అక్క వయసు 44. కాని కాగితం మీద ఆమె రైతు కాదు. పిల్లలకు ఒక్క రూపాయి రాలేదు. సంఘంలో తీసుకున్న బర్ల లోన్ మాత్రం ఆమె పేరు మీదనే ఉంది. అప్పు కాగితాల మీద మన పేరు ఉంటది, భూమి కాగితం మీద ఉండదు. ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు, మీ సంఘంలో ఎంతమందికి పాసుబుక్కు ఉందో లెక్క తీయండి.

పుట్టింటి వాటా సంగతి ఇంకా కష్టం. వాటా అడిగితే బతుకమ్మకు అన్న పిలువడేమో, వదిన మొఖం తిప్పుకుంటదేమో, ఆపదొస్తే వచ్చే మనిషి ఉండడేమో అని మనకు భయం. ఆ భయం ఉత్తది కాదు. పుట్టిల్లు ఉన్న ఆడిదాని బతుకు వేరు, లేనిదాని బతుకు వేరు. అందుకే వాటా తీసుకో అని గాని, వదులుకో అని గాని మేము ఎవరికీ చెప్పం. వదులుకున్నా తెలిసి వదులుకోవాలె. ఒక చీర పెట్టి, కారులో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకపోయి, "ఇక్కడ సంతకం పెట్టు చెల్లె" అంటే పెట్టి వచ్చుడు వద్దు. ఆ కాగితంలో ఏం రాసిందో చదివించుకున్నంకనే సంతకం.

భర్త చనిపోయిన అక్కలు ఇంకో సంగతి గుర్తు పెట్టుకోవాలె. భర్త వీలునామా రాయకుండా చనిపోతే ఆయన వాటాలో భార్యకు పిల్లలతో సమానంగా భాగం ఉంది. కాని భూమి దానంతట అదే పేరు మీదికి రాదు. తహసీల్ ఆఫీసులో విరాసత్ కోసం దరఖాస్తు పెట్టుకోవాలె. మరణ ధ్రువపత్రం, వారసుల వివరాలు, సంతకాలు అడుగుతరు. "అన్నీ కొడుకు పేరు మీద చేసేద్దాం, నీకెందుకు తిరుగుడు" అంటరు. కొడుకు మంచోడే కావచ్చు. రేపు ఎట్లుంటదో ఎవరికి తెలుసు? గొడవ వస్తే ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును ఇస్తరు.

అందుకే మా గ్రామ సంఘం తీర్మానం చేసుకొని వచ్చింది. మహాసభ దీనిని ఆమోదించాలని కోరుతున్నం:

ఒకటి. ప్రతి సంఘం మీటింగు పుస్తకంలో సభ్యురాలి పేరు పక్కన భూమి ఉందా, ఎవరి పేరు మీద ఉంది అని రాయాలె.

రెండు. సభ్యురాలి ఇంట్ల చావు జరిగితే దినాలు అయినంక ఇద్దరు సంఘ సభ్యులు ఆమెతో కలిసి విరాసత్ పనికి తహసీల్ ఆఫీసుకు పోవాలె. ఒక్కదాన్ని పంపొద్దు.

మూడు. కొత్తగా కొనే భూమి, ప్లాటు భార్యాభర్తలిద్దరి పేరు మీద రాయించుకోవాలని ప్రతి సంఘంలో చర్చ పెట్టాలె.

నాలుగు. ఏడాదికి రెండుసార్లు న్యాయ సేవాధికార సంస్థ వాళ్లను మండల సమాఖ్యకు పిలిపించి మన కాగితాలు చూపించుకోవాలె.

హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఐలమ్మ పేరు ఉంది. సంతోషం. ఆమె పేరు అంత దూరం పోయింది, మన పేరు మన ఊరి పహాణీలో ఎక్కాలె. దానికి ఆఫీసుల చుట్టూ తిరగాలె, ఇంట్ల మాటలు పడాలె. ఆ తిరుగుడు ఒక్కతే తిరగకుండా చూసేదే సంగం. మా ఊర్ల ఇప్పటికి ముగ్గురు అక్కల విరాసత్ దరఖాస్తులు పెట్టించినం. వచ్చే మహాసభకు అవి ఎంతవరకు వచ్చినయో మళ్లీ ఇక్కడే చెప్తం. మీరు కూడా మీ ఊరి లెక్కతో రండి.