ఖాళీ నోటు మీద సంతకం పెట్టొద్దు
(సీడ్ పత్తి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



నడిగడ్డలో సీడ్ పత్తి వేసే మనం ఏటా ఒకే తప్పు చేస్తున్నాం. ఆర్గనైజర్ ఫౌండేషన్ సీడ్, పెట్టుబడి డబ్బు ఇస్తాడు. మనం ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెడతాం. మన చేతికి మాత్రం ఒక్క కాగితమూ రాదు. విత్తనం జీవోటీలో ఫెయిలైందంటే కంపెనీ ‘మీరెవరో మాకు తెలియదు’ అంటుంది. ఆర్గనైజర్ ‘కంపెనీ ఇవ్వందే నేనెక్కడ తెచ్చేది’ అంటాడు. బాకీ మాత్రం మన పేరనే ఉంటుంది.

చట్టం ఏం చెబుతోంది? 1872 నాటి ఒప్పందాల చట్టం ప్రకారం ఒప్పందం చెల్లాలంటే అయిదు ఉండాలి.

ఒకటి, ఒకరు ప్రతిపాదించాలి, రెండోవారు ఒప్పుకోవాలి. ఇద్దరికీ అర్థం ఒకటే కావాలి.

రెండు, ఇద్దరికీ 18 ఏళ్లు నిండాలి, మతి స్థిమితంగా ఉండాలి. బడికి పోయే పిల్లవాడితో సంతకం పెట్టిస్తే చెల్లదు.

మూడు, ఇష్టపడి ఒప్పుకోవాలి. బెదిరించో, మోసగించో, మన అవసరాన్ని ఆసరా చేసుకుని లొంగదీసో సంతకం తీసుకుంటే ఆ ఒప్పందాన్ని రద్దు చేయమని కోర్టును అడగవచ్చు. కానీ సాక్ష్యం చూపాలి.

నాలుగు, ప్రతిఫలం ఉండాలి. విత్తనం మనమిస్తాం, ధర వాళ్లిస్తారు.

అయిదు, పని చట్టబద్ధమైనదై ఉండాలి. అనుమతి లేని కలుపు మందు తట్టుకునే పత్తి విత్తనం పండిస్తామని రాసుకుంటే ఆ ఒప్పందం చెల్లదు.

షరతులు కూడా స్పష్టంగా ఉండాలి. 29వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది. తెల్ల గుర్రాన్ని 500కో, 1,000కో అమ్ముతానంటే ఆ ఒప్పందం చెల్లదు, ధర ఏదో తేలలేదు కనుక. ‘ధర తర్వాత చూసుకుందాం’ అనే మాటను నమ్ముకున్న మన సంగతి ఏమిటి?

నోటి మాట చెల్లదని కాదు, చెల్లుతుంది. కానీ రుజువు చేయడం కష్టం. ఖాళీ నోటు సంగతి ఇంకా ప్రమాదం. స్టాంపు అంటించి, సంతకం పెట్టి ఖాళీ నోటు చేతికిస్తే, దాన్ని నింపుకునే అధికారం ఇచ్చినట్టేనని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ అంటోంది. తీసుకున్నది తక్కువని నిరూపించుకునే భారం మన నెత్తిన పడుతుంది.

అందుకే ఈ వానాకాలం విత్తే ముందే కాగితం అడుగుదాం. అందులో కంపెనీ పేరు ఉండాలి. ఎన్ని ఎకరాలు, కిలో ధర ఎంత, డబ్బు ఏ తేదీకి ఇస్తారు, ఫెయిలైతే నష్టం ఎవరిది, జీవోటీ రిపోర్టు మనకు ఎప్పుడు చూపిస్తారు అన్నీ తెలుగులో రాయాలి. తీసుకున్న పెట్టుబడి అంకె నోటులో నింపాకే సంతకం పెడదాం. రెండు వైపులా సంతకాలయ్యాక ఒక ప్రతి మన ఇంట్లో ఉండాలి.

ఒక్కరమే అడిగితే ఆర్గనైజర్ పక్క చేనికి పోతాడు. ఊరంతా కలిసి అడిగితే కాగితం పట్టుకుని మన దగ్గరికే వస్తాడు.