ఆలిస్‌ని ఎవరడిగారు?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమాల్లో స్త్రీ శరీరం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ఎంచుకున్న సినిమా పేరు వింటే మీలో కొందరు నవ్వుతారు. 'రెసిడెంట్ ఈవిల్: అపోకలిప్స్'. చచ్చినవాళ్ళు లేచొచ్చి బతికున్నవాళ్ళని కొరికే కథ. జపాన్ కంపెనీ కాప్‌కామ్ 1996లో మొదలుపెట్టిన వీడియో గేముల ఆధారంగా తీసిన సినిమాల్లో ఇది రెండోది, 2004లో వచ్చింది. మా మేనకోడలు చూస్తుంటే ఏదో వంకపెట్టి టీవీ కట్టేయిద్దామని పక్కన కూర్చున్నాను. చివరిదాకా లేవలేకపోయాను.

అమెరికాలో విమర్శకులు దీన్ని దాదాపు ఏకకంఠంతో తిట్టారు. ఎంతో పేరున్న రోజర్ ఈబర్ట్ నాలుగు నక్షత్రాలకు అర నక్షత్రం ఇచ్చాడు. సమీక్షల లెక్క తీస్తే మెచ్చుకున్నవి నూటికి సుమారు ఇరవై. కథ లేదన్నారు, పాత్రల్లో ప్రాణం లేదన్నారు, పోరాటాలు కంటికి ఆనడం లేదన్నారు. ఆ చివరి మాట నిజమే, ఎవరు ఎవర్ని కొడుతున్నారో నాకూ తెలియలేదు. ప్రేక్షకులు మాత్రం వెళ్ళారు. నాలుగున్నర కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతటా సుమారు పదమూడు కోట్లు వచ్చాయి.

స్త్రీల వైపు నుంచి చూసేవాళ్ళకు ఇక్కడ ఒక పాత చర్చ సిద్ధంగా ఉంటుంది. తుపాకీ పట్టిన ఆలిస్, జిల్ అనే ఇద్దరు స్త్రీలు బలానికి ప్రతీకలా, మగవాడి చూపు కోసం తయారైన బొమ్మలా? జిల్ పొట్టి స్కర్టుతో జాంబీల మధ్య తిరుగుతుంది. 1999 నాటి గేములో ఆమెకు తొడిగిన బట్టలే అవి. 1990లో 'కర్తవ్యం' వచ్చినప్పుడు నేను బడిపిల్లని. విజయశాంతి ఖాకీ గురించి మా ఇంట్లో పెద్దవాళ్ళు వాదించుకోవడం గుర్తుంది. ఆ వాదన అక్కర్లేదని కాదు గానీ, అక్కడే ఆగిపోతే సినిమాలో అసలు సంగతి మన చెయ్యి జారిపోతుంది.

ఆ సంగతి ఇదీ. ఆలిస్ ఒక ఆసుపత్రిలో ఒంటరిగా కళ్ళు తెరుస్తుంది. ఒంటినిండా తీగలు. అంబ్రెల్లా అనే మందుల కంపెనీ ఆమె స్పృహలో లేనప్పుడు ఆమె ఒంట్లోకి వైరస్ ఎక్కించింది. ఆమెనెవరూ అడగలేదు. ఆమె బలం ఆమె సంపాదించుకున్నది కాదు, ప్రయోగ ఫలితం. తర్వాత కంపెనీ అధికారి ఆమెను, అదే విధంగా తయారుచేసిన ఇంకో మనిషిని ఎదురెదురుగా నిలబెట్టి ఏ ప్రయోగం గెలుస్తుందో చూస్తాడు. జబ్బు ఊరంతా పాకితే జనాన్ని వంతెన దగ్గరే తుపాకులతో ఆపుతారు. ఊరిని అణుక్షిపణితో లేపేసి, అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదమని ప్రపంచానికి చెబుతారు. ఒక విలేకరి తీసిన వీడియో బయటికొస్తే అది బూటకమంటారు.

కథ లేదన్నవాళ్ళకు ఇది కథలా కనిపించలేదు. మనకు కనిపించాలి. నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్‌కు వ్యతిరేకంగా 1986లో స్త్రీ శక్తి సంఘటన, మరికొన్ని సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. పటాన్‌చెరు శిబిరంలో స్త్రీలకు ఏం చెప్పి ఇంజెక్షన్ ఇస్తున్నారన్నదే ఆనాటి ప్రశ్న. మళ్ళీ 2009లో ఖమ్మం జిల్లా. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి మూడు మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు పద్నాలుగు వేలమందికి హెచ్‌పీవీ టీకా వేయించాయి. వాళ్ళలో చాలామంది గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయాక 2010లో ఆపేశారు. ఆ మరణాలకూ టీకాకూ సంబంధం లేదని విచారణ కమిటీ చెప్పింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది నా ప్రశ్న కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపే టీకా పేద పిల్లలకు అందాల్సిందే. కానీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చూడండి. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. 

ఇంకొకటి చెప్పాలి. ఈ వరసలో ఆఖరి సినిమా 2016లో వచ్చింది, ముప్ఫయ్యొక్క కోట్ల డాలర్లు దాటి తెచ్చింది. దాని చిత్రీకరణ 2015లో దక్షిణాఫ్రికాలో జరిగింది. ఆలిస్ వేషం వేసిన మిల్లా జోవోవిచ్‌కు బదులుగా మోటారుసైకిల్ నడిపిన స్టంట్ కళాకారిణి ఒలీవియా జాక్సన్‌ను ఎదురుగా వచ్చిన కెమెరా క్రేన్ గుద్దింది. ఆమె రోజుల తరబడి కోమాలో ఉంది. ఎడమ చెయ్యి తీసేశారు. పరిహారం కోసం ఆమె ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. తెరమీద ఎన్నిసార్లు పడినా లేచే ఆలిస్ ఒళ్ళు అసలు ఎవరిదో సమీక్షల్లో వెతికితే దొరకదు. బలమైన స్త్రీ పాత్ర అని మనం చప్పట్లు కొట్టినప్పుడు కూడా ఆ సెట్‌మీద పనిభద్రత ఎలా ఉందని అడగలేదు. నేనూ అడగలేదు.

మా మేనకోడలు సినిమా అయ్యాక ఒకటే అడిగింది, "అత్తా, ఆలిస్ కేసు వెయ్యొచ్చు కదా?" అని. ఎవరి మీద, ఏ కోర్టులో, ఏ కాగితం చూపించి అన్నది ఆ పిల్లకు చెప్పలేకపోయాను. ఈ మధ్యాహ్నం చర్చలో భద్రాచలం వైపు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు ముందుగా మాట్లాడితే బాగుంటుంది. ఆ పిల్లల తల్లులతో కూర్చుని మాట్లాడింది వాళ్ళే.