మెరిసే సైలెన్సరు – ఏ లోహానికి ఏ పాలిష్?

మూడు పరీక్షనాళికలలో ఇనుప మేకులు వేసి చేసే ప్రయోగం మీ అందరికీ తెలుసు. గాలీ నీరూ రెండూ తగిలిన మేకే తుప్పు పడుతుంది. ఈ రోజు అదే ప్రయోగాన్ని మోటారుసైకిలు సైలెన్సరు మీద చూద్దాం.

ఇందుకు అండమాన్‌లోని చాతం దీవి చక్కటి ఉదాహరణ. 1883లో మొదలైన రంపపు మిల్లు ఉన్నది అక్కడే. చిన్న వంతెన ఈ దీవిని పోర్ట్ బ్లెయిర్‌తో, అంటే 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పట్టణంతో కలుపుతుంది. చాతం రేవు నుంచి బాంబూ ఫ్లాట్‌కు మనుషులతోపాటు వాహనాలూ పడవ మీద దాటుతాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. అక్కడ బండి ఉన్న ప్రతి ఇంటికీ ఎదురయ్యే సమస్య ఇది.

సముద్రపు తుంపరలో ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకుని ద్రవమవుతుంది. అండమాన్ గాలిలో ఏడాదిలో చాలా రోజులు అంత తేమ ఉంటుంది. అంటే వాన పడకపోయినా సైలెన్సరు మీద ఉప్పునీటి పొర ఉన్నట్టే.

ఇక లోహం సంగతి. పాలిష్ కొనేముందు మెరిసేది ఏమిటో తెలుసుకోవాలి. చాలా సైలెన్సర్లు ఉక్కువి. ఉక్కు మీద నికెల్ పూత, దాని మీద అతి పలుచని క్రోమియం పూత ఉంటాయి. ఈ క్రోమియం మందం సాధారణంగా ఒక మైక్రోమీటరు కూడా ఉండదు. అందులో కంటికి కనిపించని బీటలుంటాయి. ఉప్పునీరు వాటిగుండా ఉక్కును చేరితే అక్కడొక చిన్న విద్యుత్ ఘటం ఏర్పడుతుంది. పైపూత కాథోడ్, ఉక్కు ఆనోడ్. ఆనోడ్ చిన్నది, కాథోడ్ పెద్దది కాబట్టి ఆ చుక్క దగ్గర ఉక్కు వేగంగా తినుకుపోయి గుంట పడుతుంది.

రెండో రకం స్టెయిన్‌లెస్ స్టీలు. ఇందులో కనీసం 10.5 శాతం క్రోమియం కలిసి ఉంటుంది. గీత పడినా, గాలి తగిలితే రక్షణ పొర మళ్ళీ ఏర్పడుతుంది. మూడోది అల్యూమినియం. నాలుగోది నల్లరంగు వేసిన ఉక్కు. అయస్కాంతం అంటకపోతే మామూలు ఉక్కు కాదని చెప్పవచ్చు. అంటితే మాత్రం తొందరపడకండి, కొన్ని స్టెయిన్‌లెస్ రకాలకు కూడా అయస్కాంతం అంటుకుంటుంది.

లోహపు పాలిష్‌లో ప్రధానంగా ఉండేది మెత్తని రాపిడి పొడి. దానికి జిడ్డును కరిగించే ద్రవం, కొన్నిటిలో అమ్మోనియా లేదా ఆమ్లం తోడవుతాయి. ఇత్తడి చెంబును చింతపండుతో తోమితే ఆమ్లం మకిలిని కరిగిస్తుంది. క్రోమియం పూతకు ఆ అవసరం లేదు. పైగా మోస్ కాఠిన్యంలో క్రోమియం సుమారు 8.5, అల్యూమినా 9. అల్యూమినా ఉన్న గరుకు పాలిష్‌తో తరచూ రుద్దితే మురికితో పాటు పూత కూడా అరిగిపోతుంది.

కాబట్టి క్రోమియం పూతకు ‘క్రోమ్’ అని రాసి ఉన్న మెత్తని పాలిష్ చాలు. చిన్న తుప్పు మచ్చలకు వంటింటి అల్యూమినియం రేకును ముద్దచేసి, నీటిలో తడిపి మెల్లగా రుద్దండి. అది క్రోమియం కన్నా చాలా మెత్తన. స్టెయిన్‌లెస్ స్టీలుకు, అల్యూమినియానికి వాటికోసమే చేసిన పాలిష్ వాడాలి. నల్లరంగు సైలెన్సరుకు పాలిషే వద్దు, వేడిని తట్టుకునే రంగు కావాలి.

ఇంజను దగ్గరి బెండ్ పైపు నీలంగా మారడం తుప్పు కాదు. వేడికి పెరిగిన ఆక్సైడు పొర మీద కాంతి వ్యతికరణం చెందడం వల్ల ఆ రంగు వస్తుంది. పాలిష్ చేస్తే పోవచ్చు, కాని మళ్ళీ వేడెక్కితే తిరిగి వస్తుంది. మైనం పూత కూడా అక్కడ నిలవదు. అది వేడి తక్కువగా ఉండే వెనక భాగానికే పనికొస్తుంది.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. మరుగుదొడ్డి కడిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడవద్దు, అందులోని క్లోరైడు గుంటలను పెంచుతుంది. మామూలు ఇనుప పీచుతో స్టెయిన్‌లెస్ స్టీలును రుద్దవద్దు, అంటుకున్న ఇనుప రేణువులే తుప్పు పడతాయి. పైపు పూర్తిగా చల్లారాకే, గాలి ఆడే చోట పాలిష్ చేయండి.

చివరిగా ఒక ముఖ్య విషయం. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు తయారవుతుంది. బండిని కొద్దిదూరమే నడిపి ఆపేస్తే, ఆ ఆవిరి చల్లారి సైలెన్సరు లోపలే నిలుస్తుంది. పైన అద్దంలా మెరిసే పైపు లోపలినుంచి చిల్లులు పడేది ఇందుకే. ఏ పాలిష్ కూడా అక్కడికి చేరదు. అప్పుడప్పుడు బండిని పైపు బాగా వేడెక్కేంత దూరం నడపడం, పడవ దిగాక మంచినీటితో కడిగి తుడవడం ఖరీదైన డబ్బా కన్నా మేలు చేస్తాయి.

మీ ఇంటి బండి దగ్గరకు ఒక అయస్కాంతం తీసుకువెళ్ళండి. అది ఏ లోహమో ఊహించి, కారణాలు రాయండి. తుప్పు ముందుగా ఏ భాగంలో మొదలైందో, ఎందుకో ఆలోచించండి. లోహాన్ని గుర్తించాకే దుకాణానికి వెళ్ళాలి.