ఆకాశరామన్న ఉత్తరాలకు మనం రాయవలసిన నోటు

(మైనారిటీ హక్కుల అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సామాజిక మాధ్యమాలలో వస్తున్న కొత్త సదుపాయాలను గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు మాకు కొంత సంకోచం కలిగింది. మాది కార్బన్ కాగితాల తరం, టైపు మిషన్ల తరం, నాడా కట్టిన దస్త్రాల తరం. పదవీ విరమణకు దగ్గరపడ్డాక గాని స్మార్ట్ ఫోను చేతపట్టని వాళ్లం. అయినా అంగీకరించాము. ఫోను ఎంత కొత్తదైనా, అందులో వచ్చిన మాటకు సాక్ష్యం ఏమిటన్న ప్రశ్న పాతదే. ఆ ప్రశ్న వేయడం మా గుమాస్తాలకు జీవితమంతా అలవాటైన పని.

మేము ఉద్యోగంలో చేరిన రోజుల్లో కార్యాలయానికి వచ్చే టపాలో తరచుగా ఆకాశరామన్న ఉత్తరాలు ఉండేవి. ఫలానా ఉద్యోగి లంచగొండి అనీ, ఫలానా వీధివారు ప్రభుత్వ స్థలం ఆక్రమించారనీ రాసి, అడుగున సంతకం లేకుండా పడవేసేవారు. వాటిలో అప్పుడప్పుడు నిజం కూడా ఉండేది. అయినప్పటికీ, పేరూ చిరునామా లేని కాగితాన్ని నమ్మి ఎవరి మీదా కలం కదపరాదని మా పెద్ద గుమాస్తా మొదటి నెలలోనే నేర్పారు. ఆరోపణలో ఆధారం ఉన్నట్టు తోస్తే ముందు రికార్డు తెప్పించి చూడాలి. చూసినదాన్ని పుట సంఖ్యతో సహా నోట్‌ఫైలులో రాయాలి. పుట సంఖ్య చూపని నోటును సూపరింటెండెంటుగారు మళ్లీ మా బల్ల మీదికే తిప్పి పంపేవారు. ఈనాడు ప్రతి జేబులోనూ ఆకాశరామన్న ఉత్తరాలు దిగుతూనే ఉన్నాయి. వాటిని తిప్పి పంపే సూపరింటెండెంటు మాత్రం ఎక్కడా లేరు.

దాని ఫలితం ఎంత దారుణమో మన జాతికి వేరుగా చెప్పనక్కరలేదు. 2018 జులైలో హైదరాబాదు నుంచి బీదరు జిల్లాకు వెళ్లిన కొందరు యువకులు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. వీరు పిల్లలను ఎత్తుకుపోయే ముఠా అని ఎవరో అనుమానించారు. ఆ అనుమానం వాట్సాప్ మీద, వారి కారు కంటే ముందుగా ముర్కి గ్రామానికి చేరింది. అక్కడ దారికి అడ్డంకి పెట్టి మూకగా కొట్టారు. ఒక యువ ఇంజనీరు ప్రాణం పోయింది. అదే నెలలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుకు మించి పంపకుండా పరిమితి విధించింది. ఎన్నో ప్రాణాలు పోయిన తరువాత వచ్చిన పరిమితి అది.

2020 వసంతంలో మరొకటి చూశాము. ఢిల్లీ మర్కజ్ పేరుతో కరోనాను మొత్తం ముస్లిం సమాజానికి అంటగట్టారు. పాత వీడియోలను కొత్తవిగా చూపారు. అనేక చోట్ల కూరగాయల బండి తోసుకునే పేదవాణ్ణి పేరడిగి వెనక్కి పంపారు. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, తబ్లీగ్‌కు వచ్చిన విదేశీయులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారన్న అభిప్రాయాన్ని తీర్పులో నమోదు చేసింది. నిందకు నిమిషాలు చాలాయి, తీర్పుకు నెలలు పట్టింది. ఇక్కడ మనల్ని మనం ఒక మాట అడుగుకోవాలి. ఆ నిందను చూసి కన్నీరు పెట్టుకున్న మనలో ఎంతమందిమి ఆ తీర్పును పది మందికి చదివి వినిపించాము?

సోదరులారా, ఈ వేగం దానంతట అదే వచ్చినది కాదు. ఫేస్‌బుక్ 2016లో కేవలం లైక్ అనే గుర్తుతో సరిపెట్టక ప్రేమ, నవ్వు, ఆశ్చర్యం, దుఃఖం, కోపం అనే గుర్తులను ప్రవేశపెట్టింది. 2017 నుంచి ఆ గుర్తులకు లైక్ కంటే ఐదు రెట్ల విలువ కట్టింది. కోపం గుర్తు ఎక్కువగా పడిన పోస్టు ఎక్కువ మందికి చేరింది. అబద్ధమూ విద్వేషమూ నిండిన పోస్టులకే ఆ గుర్తు ఎక్కువగా పడుతున్నదని సంస్థలోని వారే గమనించారు. చివరికి 2020లో కోపం విలువను సున్నా చేశారు. 2021లో అంతర్గత పత్రాలు బయటపడినప్పుడు గాని లోకానికి ఈ సంగతి తెలియలేదు. అంటే ఆ సంవత్సరాలలో మనలను దూషించిన పోస్టు కింద మనవాళ్లు కోపంతో వేసిన ప్రతి గుర్తూ ఆ పోస్టుకే బలమిచ్చింది. ఈనాటికీ వ్యాఖ్య, షేరు, తిట్టు అన్నీ ఆ యంత్రానికి ఆదరణగానే లెక్కకు వస్తాయి.

ఇక కొత్త సదుపాయాల సంగతి. ట్విట్టర్ సంస్థ 2021 జనవరిలో అమెరికాలో ఒక ప్రయోగం ప్రారంభించింది. తప్పుదారి పట్టించే పోస్టు కింద సామాన్య వాడుకదారులే వివరణ నోటు రాయవచ్చును. దానికే తరువాత కమ్యూనిటీ నోట్స్ అని పేరు పెట్టారు. 2024 ఏప్రిల్ నుంచి భారతదేశంలోని వారికి కూడా అందులో చేరే అవకాశం వచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా సంస్థ 2016 నుంచి వృత్తి నిపుణులైన నిజనిర్ధారణ సంస్థల చేత పోస్టులను పరిశీలింపజేసేది. 2025 జనవరిలో అమెరికాలో ఆ ఏర్పాటును విరమించి, తానూ ఈ నోట్ల పద్ధతికే మారుతున్నట్టు ప్రకటించింది. అక్కడ జరిగిన మార్పు రేపు మన దాకా రావచ్చును. అందుచేత ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో ఈనాడే తెలుసుకోవడం మేలు.

ఎవరు రాసిన నోటైనా వెంటనే పోస్టు కింద కనబడదు. మిగిలిన సభ్యులు దానికి ఉపయోగకరమా కాదా అని మార్కులు వేస్తారు. ఇక్కడే ఒక సూక్ష్మమున్నది. ఎక్కువ మంది మెచ్చినంత మాత్రాన నోటు నెగ్గదు. గతంలో పరస్పరం విభేదించిన రెండు వర్గాల వారూ ఈ ఒక్క నోటును మెచ్చినప్పుడే అది లోకానికి కనబడుతుంది. పది వేల మందిమి ఒక్కటై ఓటు వేసినా, మనతో ఎన్నడూ ఏకీభవించని మనిషి కూడా అవునని తల ఊపకపోతే ఆ నోటు చీకటిలోనే ఉండిపోతుంది.

ఈ నియమం మనకు మేలా, కీడా? రెండూ అని మా అభిప్రాయం. సంఖ్యాబలం ఉన్నవారు మూకగా వచ్చి అబద్ధపు నోటు పెట్టడం దీనివల్ల కష్టమవుతుంది. అది మేలు. కాని సమాజం రెండుగా చీలిపోయిన విషయాలలో ఆ రెండు వర్గాల ఆమోదం దొరకడం బహు దుర్లభం. సరిగ్గా మనలను గాయపరిచే అబద్ధాలన్నీ అటువంటి విషయాలలోనే పుడతాయి. రాసిన నోట్లలో అత్యధిక భాగం ఎన్నడూ పాఠకుని కంటపడవు. పడినవి కూడా అబద్ధం ఊరంతా తిరిగి వచ్చిన తరువాత పడతాయి. వాట్సాప్ సందేశం పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప సంస్థకైనా కనబడదు గనుక అక్కడ ఈ నోట్లకు తావే లేదు. కాబట్టి నిపుణులు అక్కరలేదు, జనమే చూసుకుంటారు అన్న మాటను మనం ఒప్పుకోరాదు. హైదరాబాదులో ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులోనే నిజనిర్ధారణ చేసి ప్రచురిస్తున్నాయి. వారి శ్రమ లేకపోతే నోటు రాసేవారికి చూపించడానికి ఆధారమే దొరకదు.

సత్యాసత్యాలు తేల్చే అధికారం ప్రభుత్వం ఒక్కదానికే ఇవ్వడమూ పరిష్కారం కాదు. కేంద్ర ప్రభుత్వం తనకు సంబంధించిన వార్తలలో ఏది అబద్ధమో తానే నిర్ణయించేందుకు 2023లో నిబంధనలను సవరించింది. 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు వాటిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ప్రభుత్వ కొలువులో తల నెరిసిన మేము ఈ మాట గౌరవంతోనే చెబుతున్నాము. ఏ కార్యాలయమూ తన మీద వచ్చిన అర్జీని తానే విచారించుకోరాదు.

ఇంతవరకు ఇతరుల తప్పులు చెప్పాము. మా తప్పు చెప్పకుండా దిగిపోతే ఈ ప్రసంగానికి విలువ ఉండదు.

కొంతకాలం క్రితం మా మహల్లా సేవా బృందానికి ఒక ఫోటో వచ్చింది. కాలిపోయిన మసీదు, నెత్తురోడుతున్న పసిబిడ్డ. పక్క రాష్ట్రంలో నిన్న జరిగిందని కింద రాసి ఉంది. మాకు దుఃఖం పొంగింది. దుఃఖంలో సాక్ష్యం అడగడం తప్పనిపించింది. ఆ రాత్రే నాలుగు గ్రూపులకు పంపాము. మరునాడు ఉదయం పాలకు వెళ్లినప్పుడు, ముప్పై ఏళ్లుగా మాకు ఖాతా ఇస్తున్న కిరాణా కొట్టు షావుకారు అడిగారు. "సాయిబు గారూ, ఆ ఫోటో మా అబ్బాయి ఫోనులోకీ వచ్చింది. మీ పేరు చెప్పి పంపారు. నిజమేనా అండీ?" ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. మా గొంతులో జవాబు లేదు.

ఇంటికి వచ్చాక డిగ్రీ చదువుతున్న మా మనుమరాలు ఆ ఫోటోను గూగుల్‌లో వెతికి చూపించింది. అది ఎన్నో ఏళ్ల నాటిది, మరో దేశానిది. ఆ బిడ్డ గాయం నిజం, మేము చెప్పిన ఊరు అబద్ధం. వెంటనే నాలుగు గ్రూపులలోనూ తప్పు ఒప్పుకుంటూ సందేశం పెట్టాము. ఫోటోను పంచుకున్నవారు అనేకులు. సవరణను పంచుకున్నవారు ఇద్దరు. తరువాత అదే షావుకారు కొట్టుకు వెళ్లి, ఆయన ముందర నిలబడి, పొరబడ్డామని చెప్పాము. ఉద్యోగంలో మెమో అందుకున్న రోజున కూడా మాకు అంత సిగ్గు కలగలేదు. మన మీద వచ్చే అబద్ధాన్ని ఖండించే రోజున మన మాటకు విలువ ఉండాలంటే, అంతకుముందు మనం పంపిన మాటలు నిలబడాలి. ఆ రాత్రి మేము పోగొట్టుకున్నది ఆ విలువను.

సత్యాన్వేషణ మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. వార్త వచ్చినప్పుడు విచారించి చూడమని, అజ్ఞానంతో ఎవరికీ హాని చేసి పశ్చాత్తాపపడవద్దని సూరా హుజురాత్ మనలను హెచ్చరిస్తుంది. ఒక హదీసును స్వీకరించే ముందు దాన్ని ఎవరు ఎవరి నుంచి విన్నారో, విన్నవాడు నమ్మదగినవాడేనా అని ఇస్నాద్ గొలుసును పరీక్షించిన పండితుల వారసులం మనం. అటువంటి మనం, ఎవరు పంపారో తెలియని వీడియోను జుమా నమాజు ముగిసి ముగియక ముందే ముందుకు నెట్టడం తగునా?

చేయవలసిన పనులు కొన్ని విన్నవించి ముగిస్తాము.

ప్రతి మహల్లాలోనూ నలుగురైదుగురు చదువుకున్న యువతీ యువకులతో ఒక పరిశీలన బృందం ఏర్పాటు చేసుకుందాం. అనుమానపు సందేశం వస్తే ముందు వారికి పంపాలి, వారు తేల్చేదాకా ఎవరూ ముందుకు పంపరాదు. రెండు బాణాల గుర్తు ఉన్న సందేశం అనేక చేతులు మారి వచ్చినది గనుక దాని విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ద్వేషపు పోస్టు కనబడితే దాని కింద తిట్టవద్దు, షేరు చేయవద్దు. తేదీ, లింకు కనబడేలా స్క్రీన్ షాట్ తీసి భద్రపరచాలి. సంస్థ ఫిర్యాదు అధికారికి రాయాలి. అవసరమైతే పోలీసు స్టేషనులో లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టడాన్ని భారతీయ న్యాయ సంహితలోని 196వ సెక్షను, అలజడి కలిగించే తప్పుడు ప్రచారాన్ని 353వ సెక్షను శిక్షిస్తాయి. ఆ సెక్షన్లు మన పిల్లల ఫార్వార్డులకు కూడా వర్తిస్తాయని తల్లిదండ్రులు మరువరాదు.

అర్హత ఉన్నవారు కమ్యూనిటీ నోట్స్‌లో సభ్యులుగా చేరాలి. ఖాతాకు ఆరు నెలల వయసు, ధ్రువీకరించిన ఫోను నంబరు ఉండాలి. మొదట ఇతరుల నోట్లకు నిజాయితీగా మార్కులు వేయాలి, తరువాతే రాసే అర్హత వస్తుంది. తెలుగులో రాయాలి. ఆవేదనను పక్కనపెట్టి తేదీ, స్థలం, కోర్టు ఉత్తర్వు, పోలీసు ప్రకటన చూపాలి. మనతో ఏకీభవించని మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని రాస్తున్నట్టు రాయాలి. మరొక వర్గం మీద అబద్ధం వచ్చినప్పుడు కూడా అదే శ్రద్ధతో నోటు రాయాలి. అప్పుడే వారు మన నోటును చదువుతారు.

చివరిగా, మెటా సంస్థ 2025 సెప్టెంబరులో అమెరికాలో ఒక సదుపాయం ప్రకటించింది. ఒక పోస్టును మెచ్చినవారికి, పంచుకున్నవారికి, దాని మీద తరువాత నోటు పడితే ఆ కబురు అందుతుంది. యంత్రం కోసం ఎదురుచూడకుండా ఆ మర్యాదను మనమే పాటించవచ్చును. తప్పు సందేశం ఏ ఏ గ్రూపులకు పంపామో, సవరణను ఆ గ్రూపులన్నిటికీ మన పేరుతో పంపుదాం. పొరుగువారిని బాధించి ఉంటే వారి గడప దాకా వెళ్లి చెబుదాం.

ఇప్పటికీ మా షావుకారు గారు ఏదైనా వీడియో వస్తే మాకు చూపించి అడుగుతారు. తెలిసినది చెబుతాము. తెలియనప్పుడు రేపటిదాకా ఆగమంటాము. ఆయన ఆగుతారు. ఆ ఒక్క రోజు ఓపిక మన ఊరిలో ఎన్ని గడపల వద్ద సంపాదించగలమో ఆలోచించమని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాము.

ఖుదా హాఫిజ్.