కృష్ణ కరెంటు తాళం ఎవరి చేతిలో ఉండాలి?
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి, మెడికల్ కార్డుల సంగతి కార్యదర్శి గారు వివరంగా చెప్పారు. నన్ను మాత్రం మనం పని చేసిన పవర్ హౌస్‌ల గురించి మాట్లాడమన్నారు. డి.ఏ. మాట వింటే వచ్చే చప్పట్లు దీనికి రావని నాకు తెలుసు.

సాగర్ మెయిన్ పవర్ హౌస్ 815.6 మెగావాట్లు. మొదటి యూనిట్ 1978లో తిరిగింది. శ్రీశైలంలో కుడిగట్టున 770, ఎడమగట్టున కొండ లోపల 900 మెగావాట్లు. ఎడమగట్టు యూనిట్లు 2001 నుండి 2003 లోపు వచ్చాయి. జూరాల 234 మెగావాట్లు, అందులో సగం కర్ణాటకకు పోతుంది. 2014 విభజన చట్టం ఉత్పత్తి కేంద్రాలను అవి ఉన్న చోటును బట్టి పంచింది. కనుక ఎడమగట్టు, సాగర్ మెయిన్ పవర్ హౌస్ తెలంగాణ జెన్‌కోకు, శ్రీశైలం కుడిగట్టు ఆంధ్రప్రదేశ్ జెన్‌కోకు వచ్చాయి. యంత్రాలైతే పంచుకున్నారు గాని జలాశయం ఒక్కటే. ఒకే బావి మీద అన్నదమ్ములిద్దరు చెరొక మోటారు బిగించినట్లయింది. ఎవరు ముందు స్విచ్ వేస్తే నీళ్లు వారివి.

ఇటువంటి తగాదా మనకే వచ్చిందనుకోకండి. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ ఒక కాగితం కంపెనీకి 1905 నాటి ఒప్పందంతో అడవి, నది, జలవిద్యుత్తు మీద హక్కులు దక్కాయి. 2008 డిసెంబరులో ఆ హక్కులు అనుభవిస్తున్న అబిటిబి కంపెనీ గ్రాండ్ ఫాల్స్ మిల్లు మూసేస్తామని ప్రకటించింది. మిల్లు నడపడానికి ఇచ్చిన నది, మిల్లు పోయాక మీకెందుకని రాష్ట్ర శాసనసభ అదే నెలలో చట్టం చేసి పవర్ హౌస్‌లను స్వాధీనం చేసుకున్నది. కంపెనీ అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం కింద దావా వేసింది. 2010లో కేంద్ర ప్రభుత్వం 13 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది. తమాషా ఏమిటంటే, ఆ తొందరలో పాత మిల్లు కూడా పొరపాటున చట్టంలోకి వచ్చి, దాని కాలుష్యం శుభ్రం చేసే భారం రాష్ట్రం నెత్తిన పడింది. స్వాధీనం చేసుకోవడం ఒక పూట పని. దాని లెక్కలు ఏళ్ల తరబడి తేలవు.

మన దగ్గర కంపెనీ లేదు, రెండు ప్రభుత్వాలున్నాయి. రాజ్యాంగంలో నీళ్లు, జలవిద్యుత్తు రాష్ట్ర జాబితా 17వ అంశం, అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితా 56వ అంశం. ఆ రెండింటి నడుమ కృష్ణా బోర్డు కూర్చుంది.

అసలు పేచీ నీటిమట్టం దగ్గర ఉన్నది. బచావత్ ట్రిబ్యునల్ శ్రీశైలాన్ని జలవిద్యుత్ ప్రాజెక్టుగానే చూసింది. 1996లో 69వ జీవో కనీస మట్టాన్ని 834 అడుగులుగా పెట్టింది. 2004లో 107వ జీవో దానిని 854 చేసింది. మట్టం తగ్గితే పోతిరెడ్డిపాడుకు నీళ్లందవు, రాయలసీమ ఎండుతుంది. వారి బాధ నిజమే, మనం కొట్టిపారేయరాదు. మరి మన బాధ?

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు కృష్ణ ఒడ్డున ఉండీ కృష్ణకు దూరం. నది లోయలో, పొలం గుట్ట మీద. అక్కంపల్లికి నీళ్లు రావాలంటే పుట్టంగండి దగ్గర మోటార్లు తిరగాలి. కల్వకుర్తి నీళ్లు కొల్లాపూర్ దగ్గర నుండి మూడు మెట్లు ఎక్కాలి. ఫ్లోరైడు నీళ్లకు వంకర్లు పోయిన కాళ్లు చూసిన వారు ఈ హాలులో చాలా మందే ఉన్నారు. మిగిలినది బోరుబావి, దానికీ కరెంటే ఆధారం. మన నీళ్లు పైకి రావాలంటే కరెంటు కావాలి, ఆ కరెంటు కొరకు నీళ్లు కిందికి పోవాలి. అందుకే పవర్ హౌస్ తాళం మన రాష్ట్రం చేతిలోనే ఉండాలంటాను.

అయితే ఎప్పుడంటే అప్పుడు తిప్పవచ్చునని కాదు. శ్రీశైలంలో వదిలింది సాగర్‌లో నిలుస్తుంది. సాగర్ కింద అంత జాగా లేదు. 2021 జులైలో పూర్తి ఉత్పత్తి చేస్తే పులిచింతల నిండి, ప్రకాశం బ్యారేజి దాటి నీళ్లు సముద్రం పాలయ్యాయి. డ్యాముల మీద రెండు వైపులా పోలీసులు నిలబడ్డారు. ఆ నెల 15న కేంద్రం గెజిట్ తెచ్చింది. 2023 నవంబరు ఆఖరున, సరిగ్గా తెలంగాణ పోలింగు ముందు రాత్రి, ఆంధ్ర పోలీసులు సాగర్ 26 గేట్లలో 13 వరకు తమ అదుపులోకి తీసుకొని కుడి కాలువకు నీళ్లు వదిలారు. 2024 ఫిబ్రవరిలో మన శాసనసభ ప్రాజెక్టులు బోర్డుకు అప్పగించేది లేదని తీర్మానించింది. తీర్మానం సరే. కాని ఏ నెలలో, ఏ మట్టం దగ్గర, ఎన్ని యూనిట్లు తిప్పాలో రెండు రాష్ట్రాలు సంతకాలు చేసిన కాగితం లేకపోతే, తాళం ఎవరి దగ్గరున్నా తగాదా తగాదాగానే ఉంటుంది.

ఈ కరెంటుకు ముందే మూల్యం చెల్లించిన వారున్నారు. శ్రీశైలం ముంపులో కొల్లాపూర్, ఆలంపూర్ వైపు ఊళ్లకు ఊళ్లే పోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్‌లో నిలబెట్టారు. మనుషులకు అంత శ్రద్ధ దక్కలేదు. ముంపు కుటుంబాలకు ఉద్యోగమన్న 98వ జీవో 1986 నాటిది. దాని కొరకు తండ్రులు తిరిగిన ఆఫీసుల చుట్టూ కొడుకులు తిరిగారు. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. కరెంటు మాది అనే ప్రభుత్వం ఈ రెండు లెక్కలూ మావేనని అనాలి.

చివరగా ఒక మనవి. గేటు ఎంత ఎత్తితే ఎంత పోతుందో, ఏ మట్టంలో యూనిట్ వణుకుతుందో లాగ్‌బుక్ రాసిన చేతులకు తెలుసు. ఆ వివరాలతో మన సంఘం తరఫున ఒక నివేదిక తయారు చేసి నీటిపారుదల శాఖకు, బోర్డుకు ఇద్దాం. సాగర్, శ్రీశైలం, జూరాలలో షిఫ్టు డ్యూటీ చేసిన వారు భోజనాల వేళ తమ పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వగలరు.