అమెరికాలో మనశ్శాస్త్ర పరీక్ష: చదువవలసిన తీరు



అమెరికా ఉన్నతపాఠశాలలలో చదువు మన బిడ్డలకు, కళాశాల క్రెడిట్టు నార్జింపగల మనశ్శాస్త్ర పరీక్ష యొకటి కలదు. కాలేజి బోర్డువారు దానిని ఏటేట మే నెలలో జరుపుదురు. ఫలితము 1 మొదలు 5 వరకు నుండును. 3 మొదలుకొని కొన్ని కళాశాలలు క్రెడిట్టు నొసగును; కొన్ని 4 గాని 5 గాని కోరును. ఆ నియమమును ముందుగనే విచారింపవలెను.

2025 మొదలు ఇందు 75 బహుళైచ్ఛిక ప్రశ్నలకు 90 నిమిషములు, రెండు వ్రాతప్రశ్నలకు 70 నిమిషములు. వ్రాతప్రశ్నలలో పరిశోధనల సంగ్రహములను చదివి, అందలి సాక్ష్యముతో సమాధానము నిలుపవలెను. వట్టి కంఠస్థము చాలదు.

చదువవలసిన తీరును ఆ శాస్త్రమే చెప్పుచున్నది. చదివినది ఎంత వేగముగ మరపునకు వచ్చునో 1885లో ఎబ్బింగ్‌హాస్ కొలిచి చూపెను. 2006లో రోడిగర్, కార్పికీ గారలు ప్రకటించిన ప్రయోగములలో, పాఠమును మరల మరల చదివినవారికంటె, పుస్తకము మూసి జ్ఞప్తికి దెచ్చుకొన్నవారే వారము గడచిన పిదప ఎక్కువ చెప్పగలిగిరి.

కావున తల్లిదండ్రులారా, "చదివితివా?" యని గద్దింపక, "చదివినది చెప్పుము, విందును" అనుడు. నిద్ర మాన్పింపకుడు, జ్ఞాపకము నిలుచుటకు నిద్రయు సాధనమే. పోషకులారా, రుసుము చెల్లింపలేని బిడ్డ యున్నచో మీరు చెల్లింపుడు. శక్తిగల బిడ్డ ధనములేమిచే వెనుకబడుట మనకందరకును నష్టము.