దర్యాప్తు పత్రములు చేతులు మారు విధము



ఒక నేరమును గూర్చి పోలీసువారు వ్రాసికొనిన వాఙ్మూలములు, స్వాధీనపరచుకొనిన వస్తువుల పట్టికలు, వైద్యుల నివేదికలు, నేటి కాలమున టెలిఫోను లెక్కలు, ఈ-మెయిళ్ళు, ఇవియన్నియు కలిసి దర్యాప్తు పత్రములనబడును. ఇవి ఒక శాఖ చేతినుండి మరియొక శాఖ చేతికి పోవలసి వచ్చినప్పుడు ఏ పద్ధతిని పోవలయును? ఈ ప్రశ్న ఢిల్లీ పెద్దలది గాని మనది కాదని కొందరనుకొనవచ్చును. కాని ఆ పత్రములలో మొదటి కాగితము తరచుగా మన పల్లెలోనే పుట్టుచున్నది. దాని క్రింద సంతకము చేయుమని పిలుచునది మిమ్ములనే.

మనకు దగ్గరి యుదాహరణమునే గైకొందము. మాజీ మంత్రియు, కడప లోక్‌సభ సభ్యుడుగ నుండినవారును అగు వై.యస్. వివేకానందరెడ్డిగారు 2019 మార్చి 15వ తేదీన పులివెందులలో తమ యింట హతులై కనబడిరి. రాష్ట్ర ప్రభుత్వము ప్రత్యేక దర్యాప్తు బృందమును నియమించెను. ఆ యేడు మే నెలలో ప్రభుత్వము మారెను. పిమ్మట బృందమును మారెను. 2020 మార్చి 11న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించెను. ఆ సంస్థవారు జూలైలో కేసు నమోదు చేసికొని పనికి దిగిరి. కాని పులివెందుల మేజిస్ట్రేటు కోర్టులోని పత్రములకై వారు మరల హైకోర్టు నాశ్రయింపవలసి వచ్చెను. వానిని అప్పగింపవలసినదని హైకోర్టు ఆదేశించునప్పటికి నవంబరు నెల వచ్చినది. దర్యాప్తు చేయుమన్న యుత్తరువునకును, పత్రములిమ్మన్న యుత్తరువునకును నడుమ ఎనిమిది మాసములు గడచినవి. అటుపిమ్మట 2022 నవంబరు 29న సుప్రీంకోర్టు విచారణను హైదరాబాదులోని సి.బి.ఐ. కోర్టునకు మార్చగా, ఆ పత్రములు జిల్లాను మాత్రమే గాక రాష్ట్రమును గూడ దాటవలసి వచ్చెను.

దోషి యెవడను మాట న్యాయస్థానము చెప్పవలసినది. ఈ ప్రసంగమునకు దానితో పనిలేదు. మనము గమనింపవలసిన దొక్కటియే. దర్యాప్తు చేయువాడు మారినను, పత్రములు తమంతట తాము నడచి రావు. వానిని వ్రాతమూలకమైన యాజ్ఞ నడిపింపవలయును. ఆ యాజ్ఞ ఆలస్యమైనచో సాక్షుల జ్ఞాపకము మాసిపోవును; హతుని కుటుంబమునకును, నింద మోసినవానికిని గూడ న్యాయము దూరమగును.

ఇక పత్రములు మిక్కిలి వేగముగ పోయిన యుదాహరణము అమెరికా దేశమున కలదు. హిల్లరీ క్లింటన్ 2009 మొదలు 2013 వరకు ఆ దేశపు విదేశాంగ మంత్రిణిగ నుండెను. ఆ కాలమున ప్రభుత్వపు ఉత్తరప్రత్యుత్తరములను ప్రభుత్వపు ఈ-మెయిలునుండి గాక, తన యింట నమర్చుకొనిన సొంత యంత్రమునుండి జరిపెను. ఈ సంగతి 2015 మార్చిలో పత్రికల కెక్కినది. ఎఫ్.బి.ఐ. యను దర్యాప్తు సంస్థ యేడాదిపాటు విచారించెను. ఆమె మిక్కిలి అజాగ్రత్తగ నడచుకొనినదనియు, అయినను నేరారోపణకు తగిన కేసు కాదనియు 2016 జూలై 5న దాని యధ్యక్షుడు జేమ్స్ కోమీ ప్రకటించెను.

అంతటితో ముగియలేదు. ఆ దేశపు శాసనసభ్యులు దర్యాప్తు కాగితములను తమకు చూపుమని పట్టుబట్టిరి. ఆగస్టు 16న ఎఫ్.బి.ఐ. ఆ విచారణ సారాంశమును, వాఙ్మూలముల నకళ్ళను శాసనసభా సంఘమునకు పంపెను. తమ సమ్మతిలేక వానిని ఇతరులకు వెల్లడింపరాదని నియమము గూడ పెట్టెను. సెప్టెంబరు 2న కొంత భాగమును తానే ప్రజల కిచ్చెను. అక్టోబరు 28న, ఎన్నికకు పదునొకండు దినములు మాత్రమే యుండగా, క్రొత్త ఈ-మెయిళ్ళు దొరకినవని కోమీ శాసనసభకు లేఖ వ్రాసెను. ఆ లేఖ కొద్దిసేపటిలోనే లోకమంతట వ్యాపించినది. నవంబరు 6న, పూర్వాభిప్రాయమున మార్పులేదని మరల వ్రాసెను. 8న ఎన్నిక జరిగెను, ఆమె యోడెను. ఆ లేఖవలననే యోడెనని మనము చెప్పజాలము. కాని కోమీ తన శాఖ నియమములను దాటినాడని ఆ దేశపు న్యాయశాఖ తనిఖీ యధికారి 2018 జూన్‌లో నివేదిక వ్రాసెను.

చూడుడు! పులివెందుల పత్రము ఆగినది. అమెరికా పత్రము పరుగెత్తినది. ఆగిన పత్రము న్యాయమును నిలుపును. పరుగెత్తిన పత్రము తీర్పునకు ముందే మనిషిపై ముద్ర వేయును. కనుక పత్రము పోవుటకు ఆజ్ఞ యెంత యవసరమో, అది చేరిన చోట ఆగిపోవుటకు హద్దు కూడ నంత యవసరము. శాసనసభకిచ్చినది శాసనసభలోనే యుండవలయును. కోర్టుకిచ్చినది కోర్టులోనే విప్పబడవలయును.

పత్రము మారలేదని తెలియుటెట్లు? ప్రొద్దుటూరి వర్తకుని చిట్టాలో ఒక యంకె దిద్దినచో, ఆవర్జాలో కూడిక కుదరక ఆ దిద్దుబాటు బయటపడును గదా! ఈ-మెయిలు వంటి పత్రములకును అట్టి యుపాయమే కలదు. పత్రములోని అక్షరములన్నిటినుండి యంత్రము ఒక గుర్తును లెక్కకట్టును. దానిని హాష్ అందురు. ఒక్క యక్షరము మారినను ఆ గుర్తు మారిపోవును. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య చట్టము 63వ సెక్షను ప్రకారము, ఇట్టి పత్రమును కోర్టులో దాఖలు చేయునప్పుడు ఆ గుర్తుతో ధ్రువపత్రమును జతపరుపవలయును.

ఇక మీ వంతు. ఇంటిని సోదా చేయునప్పుడు ఆ ప్రాంతపు పెద్దమనుష్యు లిద్దరినైనను సాక్షులుగ పిలువవలయునని చట్టము చెప్పుచున్నది. దొరకిన వస్తువుల పట్టికపై వారు సంతకము చేయవలయును. సోదా జరుగునప్పుడు ఇంటివానిని అచట నుండనీయవలయును. ఆ పట్టిక నకలును అతనికి ఇయ్యవలయును. సోదాను వీడియో తీయవలయునని క్రొత్త చట్టము నిర్బంధించుచున్నది. కావున మీరు పంచనామాపై సంతకము చేయుటకు ముందు ఆమూలాగ్రముగ చదువుడు. చూడనిదానిని చూచితిమని వ్రాయనీయకుడు. ఖాళీస్థలములున్నచో గీత కొట్టింపుడు. తేదీయు, వేళయు మీ చేతితోనే వేయుడు. ఆ కాగితము పదిచేతులు మారి, పదేండ్ల తరువాత దూరపు కోర్టులో విప్పబడవచ్చును. నాడు దాని పక్షమున మాటాడవలసినవారు మీరే.

మరియొక మాట. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలలో పల్లెలు పక్షములుగ చీలుటయు, పగలు తరములు నడచుటయు మీరెరిగినదే. ఇట్టిచోట ఒక వాఙ్మూలము వేళకాని వేళ వీధిలో పడినచో, అందు పేరున్న సాక్షి యింటికి ఆ రాత్రియే ఆపద రావచ్చును. ఎవరో యొకడు ఫోనులో పంపిన దర్యాప్తు కాగితమును మరి పదిమందికి పంపువాడు, తాను నేరమేమియు చేయలేదనుకొనును. కాని ఒక సాక్షి నోరు మూయించినవాడగును. అట్టి కాగితము మీ చేతికి వచ్చినచో మీతోనే ఆపుడు. రచ్చబండపై దానిని చదివి తీర్పు చెప్పకుడు. అందులో కేసునకు పనికివచ్చు సంగతి కలదని తోచినచో, దర్యాప్తు యధికారికో, న్యాయస్థానమునకో వ్రాతమూలకముగ తెలిపి, అందినట్లు రసీదు పుచ్చుకొనుడు.